నీలిగోడ మీద కారిన రాళ్ళవాన

మా గోడ అవతలి చాచా పోయి నేటికి పదకొండు రోజులు. ఆ శుక్రవారం పొద్దున మా ఊరు బోథ్ మొత్తం పొగమంచులో మునిగి ఉంది. నా పాన్ డబ్బా తలుపు ఎత్తుతుంటే మసీదు మైకులో ఆయన పేరు వినబడింది. సగం ఎత్తిన తలుపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. చాయ్ తాగుతున్న ఒకాయన "ఎవరట?" అని అడిగాడు. ప్రతిదానికీ ఓ ఎకసెక్కం తయారుగా పెట్టుకునే నేను తలుపు మళ్ళీ కిందికి దించేశాను.

ఆయన రేకు పనివారు. బకెట్లు, గింజల డబ్బాలు, చూరు కాలువలు చేసేవారు. కొత్త రేకు వస్తే గోటితో కొట్టి చెవి ఆనించి వినేవారు. తుప్పు తగిలిన రేకైతే "దీనికి సర్ది అయ్యింది, తీస్కపో" అని తిప్పి పంపేవారు. మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ గూనపెంకలవే. రెంటికీ నడుమ ఒక్కటే మట్టిగోడ. దాని నెత్తిన రెండు కప్పులూ దిగివచ్చి కలిసే చోట ఆయనే రేకు కాలువ పరిచారు. రెండిళ్ళ వాననీరూ అందులోనే పడి వీధిలోకి పోతుంది.

"మనం కొట్లాడుకున్నా మన నీళ్ళు కొట్లాడుకోవు బేటా" అనేవారు నాతో.

ఆ గోడకు వాళ్ళ వైపు ఆయన భార్య, చాచీ, నీలిసున్నం పూసింది. ఆమె పోయాక ఆయన ప్రతి రంజాన్‌కూ మిగతా మూడు గోడలకూ సున్నం వేయించేవారు, దీన్ని మాత్రం ముట్టనిచ్చేవారు కాదు. మధ్యాహ్నం దానికి వీపు ఆనించి కళ్ళు మూసుకుని కూర్చునేవారు. చొక్కా వెనుక ఎప్పుడూ లేత నీలం అంటుకుని ఉండేది. ఆకాశానికి ఆనుకుని వచ్చినట్టుండేవారు.

ఇక నా సంగతి. ఏడో తరగతితో చదువుకు దండం పెట్టాను, ఉన్న తెలివంతా చిలిపిపనుల్లోకి మళ్ళింది. మూడు చలికాలాల కింద, నలభై ఆరేళ్ళ వయసులో, గడ్డితో ఒక మనిషిని కట్టి, నా పాత ఎర్ర స్వెట్టర్ తొడిగి, తలకు కుండ బోర్లించి, కాలువ పక్కన కప్పు మీద నిలబెట్టాను. తెల్లవారి నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వజూకని వాకిట్లోకి వచ్చిన చాచా మంచులోంచి పైకి చూశారు.

"సలాం భాయ్! గింత చలిల మీదికెందుకెక్కినవ్? దిగు, చాయ్ తాగుదువు" అన్నారు బొమ్మతో.

గోడచాటున నేను నోట్లో తువ్వాల కుక్కుకుని నవ్వాను. వారం రోజులు పాన్ డబ్బా దగ్గర అదే కథ. ఆ సంబరంలో బొమ్మ గాలికి ఒరిగి కాలువలో పడ్డ సంగతి పట్టించుకోలేదు. తీద్దాంలే అనుకున్నాను, అంతే.

మాఘంలో ఒక మధ్యాహ్నం రాళ్ళవాన పడింది. వీధి క్షణంలో తెల్లబడింది. మా ఆవిడ రోకలి తెచ్చి వాకిట్లోకి విసిరింది, రాళ్ళు ఆగాలని. నేను గ్లాసు నిండా రాళ్ళు ఏరుకుని గులాబీ షర్బత్ కలుపుతున్నాను.

"నువ్వు సర్బతే తాగు! ఇంట్ల గోడ నానవట్టె!" అని లోపలినుంచి ఆవిడ అరుపు.

రాళ్ళన్నీ జారి కాలువలో చేరి, ఒకదానికొకటి అతుక్కుని, బండలా గడ్డకట్టాయి. వెనుకే పడ్డ వాన పోయే దారి లేక పెంకల కిందికి ఎగదన్నింది. రెండిళ్ళ దూలాలూ ఆ మట్టిగోడ మీదే ఉన్నాయి. అది కూలితే ఇద్దరమూ వీధిలోనే.

నేను కాగే నీళ్ళ గిన్నెతో నిచ్చెన ఎక్కాను. చాచా అప్పటికే పైన ఉన్నారు.

"ఆగు, పొయ్యకు! గట్ల కరిగిందంత గోడలకే పోతది. కిందికెల్లి తొవ్వ తియ్యాలె, జర సబర్ చెయ్" అన్నారు.

వీధి వైపు నుంచి మొదలుపెట్టి, ఉత్త చేతులతో, వేలెడు వెడల్పున దారి తవ్వుతూ వచ్చారు. నేను తట్టతో మంచు ఎత్తిపోశాను. వేళ్ళు నావో ఇంకొకరివో తెలియడం లేదు. చుట్టూ అంతా తెల్లగా, చప్పుడు లేకుండా, ఏదో కలలో పనిచేస్తున్నట్టుంది. అంతలో ఆయన చేతికి ఎర్ర స్వెట్టర్ చెయ్యి తగిలింది.

దాన్ని చూశారు. నన్ను చూశారు. బొమ్మను మడిచి, నెత్తిన కప్పుకున్న గోనెసంచిలో కుక్కి, పైన మంచు కప్పారు.

"రాళ్ళు మస్తు పడ్డయ్ బేటా" అన్నారు.

నీళ్ళు భళ్ళున వీధిలోకి దూకాయి. గోడ నిలబడింది. కానీ కిందికి దిగి చూస్తే లోపల నీలమంతా చారలు చారలుగా కారి నేల మీద చిన్న మడుగైంది. చాచా వంగి దాంట్లో వేలు ముంచి చొక్కాకు తుడుచుకున్నారు.

అడిగినవాళ్ళందరికీ రాళ్ళవాన అనే చెప్పారు. గోడకు మట్టి మెత్తుతుంటే బురద తొక్కి ఇచ్చింది నేనే. మీద తెల్లసున్నం వేయించారు. మూడేళ్ళూ రోజూ చెబుదామనుకున్నాను. ఊరందరి మీదా విసిరే నాలుక అక్కడికి వచ్చేసరికి చచ్చిపోయేది.

చావుకని ఉట్నూర్ నుంచి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్న ఆయన బిడ్డతో మొన్న చెప్పేశాను. "చెల్లె, మీ అమ్మ గోడ ఖరాబ్ చేసింది నేనే."

ఆమె తెల్లగోడ వైపు తిరిగింది. "మా అబ్బా గట్ల చెప్పలేదన్నా. 'పక్కింటాయన గా చలిల నాతోని సమానంగ మంచు తోడిండు, లేకుంటె ఇల్లు పోతుండె' అన్నడు. ఎప్పుడు ఫోన్ చేసినా గదే ముచ్చట."

"ఆయన ముంగట ఒక్కనాడు నోరు రాలే" అన్నాను.

"ఆయన ముంగట రాని నోరు ఇయ్యాల ఎట్లొచ్చింది?" అంది. కోపమో ఏడుపో తెలియలేదు.

నిన్న పొద్దున ఆమే పిలిచింది. బకెట్లో సున్నం నానుతోంది. వాళ్ళమ్మ ఎంత నీలం వేసేదో ఆమెకు గుర్తుంది, చిటికె చిటికెగా కలిపి కుంచె నా చేతికిచ్చింది. గోడంతా పూశాను. ఆ నీలం కుదిరిందో లేదో తడిమీద తెలియదు, ఆరాలి.

తలుపు తెరిచిపెట్టి వాకిట్లో చెరోవైపు కూర్చున్నాం. లోపల గోడ మెల్లమెల్లగా ఆరుతోంది.