డైరీలో నాలుగు వాక్యాలు

గౌలిపురలో సాయంత్రాలు ఆడవాళ్లకు ఇంగ్లిష్ నేర్పేదాన్ని. పాల వ్యాపారం చేసే ఒకావిడ ఒకరోజు కూతురి స్కూల్ డైరీ తెచ్చింది. పిల్ల ఆలస్యంగా వచ్చిందని, కారణం రాసి పంపమని టీచర్ అందులో ఇంగ్లిష్‌లో రాసింది. ఆవిడ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది గానీ ఒక్క అక్షరమూ పడలేదు.

"రాయడం తర్వాత. ముందు ఏం జరిగిందో నాకు చెప్పమ్మా," అన్నాను.

"పొద్దుగాల బర్రె ఈనింది మేడమ్. దూడ అడ్డం తిరిగింది. నా బిడ్డనే పక్కనుండి సాయం చేసింది. గందుకే లేటయింది."

ఎవరు, ఏమిటి, ఎప్పుడు అని కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ఆవిడ చెప్పిన మాటనే ఇంగ్లిష్‌లో పెట్టించాను. మూడు వాక్యాలయ్యాయి. 'హెల్ప్' అని రాస్తే, జరిగిపోయిన పని కదా అని 'హెల్ప్‌డ్' చేయించాను. నాలుగోది ఆవిడ తనే రాసింది: 'నో మిస్టేక్ మై డాటర్.' దాన్ని దిద్దబోయి ఆగిపోయాను. తల్లి చెప్పాలనుకున్నది అందులో పూర్తిగా ఉంది.

మర్నాడు ఆవిడ డైరీ తెరిచి పట్టుకునే తరగతికి వచ్చింది. కింద టీచర్ రాసిన చిన్న ప్రశ్నను వేలు పెట్టి తనే చదివింది.

"దూడ మంచిగున్నదా అని అడిగింది మేడమ్!"