పక్క ఖోలీ తాత, నా తొంభై రోజులు

...కానీ అసలు మాట నిన్న కూడా రాయలేకపోయాను. మూడు పేజీలు నింపాను, మూడూ వాన గురించే. ఇవాళ ముందే రాసేస్తున్నా. తాత పోయాడు. పోయిన మంగళవారం పొద్దున కింద నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుని పైకి వస్తూ మూడో మెట్టు మీద కూర్చున్నాడు. బకెట్ పక్కన పెట్టుకున్నాడు, చుక్క కూడా ఒలకలేదు. వెనక వస్తున్నవాళ్ళు కాస్త జరగమంటే జరగలేదు. అప్పుడు తెలిసింది.

తాత అంటే మా అమ్మకు నాన్న కాదు. పక్క ఖోలీ తాత. కామాటిపురలో వరసగా ఒంటి గదులుండే మా చాలీ రెండో అంతస్తులో చివరి గది మా అవ్వది, అంటే అమ్మమ్మది, దాని పక్కది ఆయనది. మధ్య గోడ ఎంత పల్చనంటే, ఆయన దగ్గితే మా అవ్వ ఇటునుంచే నీళ్ళు తాగమని చెప్పేది. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. వయసులో ఉన్నప్పుడు గల్ఫ్‌లో మేస్త్రీ పని చేసి వచ్చాడు.

ఎల్లుండి కాక ఆవలెల్లుండి, గురువారం, పదో దినం. ఆ రోజు మనవాళ్ళంతా కూర్చుని ఆయన గురించి నాలుగు మాటలు చదువుతారట. ఇంగ్లీష్ మీడియం పిల్ల కదా, బాగా రాస్తుందని నాకు అప్పజెప్పారు. వాళ్ళకిచ్చేది వేరే కాగితం. అందులో తాత మంచివాడని, చాలీ అందరికీ ఫారాలు నింపేవాడని ఉంటుంది. అది అబద్ధం కాదు. కానీ నాకు ఆయన ఏం చేశాడో అందులో రాయలేను. ఇది మీకోసం, మీరెవరైనా సరే. తెలుగులో ఎందుకంటే ఇక్కడ నా వయసువాళ్ళకు మరాఠీ వస్తుంది, హిందీ వస్తుంది, ఈ అక్షరాలు రావు. నాకూ వచ్చేవి కావు. నేర్పింది ఆయనే.

నేను మలేషియాలో పుట్టాను. నాన్నవాళ్ళు ఎన్నో తరాల కింద రబ్బరు తోటల పనికి అక్కడికి వెళ్ళిన తెలుగువాళ్ళు. అమ్మది ఈ చాలీ. నా పాస్‌పోర్టు మలేషియాది. మూడేళ్ళ కింద అమ్మ నన్ను తీసుకుని ఇక్కడికి వచ్చేసింది. ఎందుకు వచ్చేశామో రాయను. నన్ను మళ్ళీ నాన్న దగ్గరికి పంపితే ఏమవుతుందో నాకు తెలుసు, అంతవరకే రాస్తా. తర్వాత అమ్మ మస్కట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. పడక కూడా ఆ ఇంట్లోనే, నన్ను ఉంచుకోలేదు. నేను అవ్వ దగ్గర ఉండిపోయాను.

సరైన వీసా కావాలంటే నాకు పద్దెనిమిది నిండేదాకా నాన్న సంతకం కావాలన్నారు. నాన్న పెట్టడు. అందుకని నేను టూరిస్టుని. ఒకసారి వస్తే తొంభై రోజులు. అవి నిండేలోపు దేశం దాటి, మస్కట్‌లో అమ్మ స్నేహితురాలి గదిలో వారం పడుకుని, మళ్ళీ కొత్తగా ఊరు చూడ్డానికి వచ్చినట్టు రావాలి. టూరిస్టు స్కూల్లో చేరకూడదు. మలేషియా నుంచి తెచ్చుకున్న పుస్తకాలే తిప్పి తిప్పి చదువుకుంటున్నా. చాలీలో అడిగితే ఆన్‌లైన్ క్లాసులంటాను. అసలు సంగతి అవ్వకు, తాతకు తప్ప ఎవరికీ తెలియదు. అవ్వకైనా సగమే తెలుసు. వీసా తారీఖు కూడా రేషన్ కార్డు లాంటిదే, నాలుగు రోజులు అటూ ఇటూ అయితే ఎవడూ చంపడు అని ఆమె నమ్మకం.

మొదటిసారి అవ్వ నా పాస్‌పోర్టు కొంగులో చుట్టుకుని నన్ను తాత దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ముద్ర మీది తారీఖు చూశాడు, వేళ్ళ మీద లెక్కబెట్టాడు, నన్ను గడపలో కూర్చోమన్నాడు. గల్ఫ్‌లో ఒకసారి పని ఇచ్చినవాడు ఆయన పాస్‌పోర్టు లాక్కుని తిరిగి ఇవ్వలేదట. కాగితాలు లేకుండా రెండేళ్ళున్నాడు.

"రెండేండ్లు సందులల్లనే నడిసిన బిడ్డా. పెద్ద రోడ్డు ఎట్లుంటదో మర్సిన. నిన్నట్ల నడవనియ్య," అన్నాడు.

ఆ రోజునుంచి నా పాస్‌పోర్టు ఆయన పేటీలోకి వెళ్ళింది. అది గల్ఫ్ నుంచి తెచ్చిన ఇనప పెట్టె. మా గది వానాకాలం కారుతుంది, ఆ పేటీలోకి మాత్రం ఎప్పుడూ తడి రాలేదు. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది.

ఫారం నింపడం ఆయనకు గోడ కట్టడమే. ఒక్కో డబ్బాలో ఒక్కో అక్షరం, ఇటుక పేర్చినట్టు. గీత దాటితే ఆ కాగితం పక్కన పడేసి కొత్తది. పెన్ను పట్టే ముందు చేతులు కడుక్కుని తువాలుకు తుడుచుకునేవాడు. ప్రతిదానికీ మూడు జిరాక్సులు. "జిరాక్స్ లేకుంటే దేవుడు గూడ నమ్మడు" అనేవాడు. ఇంట్లో పరాయి దేశం మనిషి దిగితే ఆ ఇంటివాళ్ళు విదేశీయుల లెక్క చూసే ఆఫీసుకు తెలపాలి. అవ్వ గది కాగితాలు ఇంకా చనిపోయిన మా సొంత తాత పేరు మీదే ఉన్నాయి. అందుకని ప్రతిసారీ తన గది నంబరే రాసి పంపాడు. ప్రభుత్వం లెక్కలో నేను ఆయన అతిథిని.

ప్రయాణానికి వారం ముందునుంచి ప్రాక్టీసు. సాయంత్రం తన గడపకు అడ్డంగా ముక్కాలిపీట పెట్టి దాని వెనక కూర్చునేవాడు. నేను బయట గ్యాలరీలో, గదుల ముందున్న వసారాలో, నిలబడాలి. చేతిలో ముద్రకు బదులు మందు సీసా మూత. ఆయనకు వచ్చిన గల్ఫ్ ఇంగ్లీషులో ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు అని అడిగేవాడు. ఒకసారి నేను అవ్వ పేరు చెప్పి, ఆమెతో కలిసి బతుకుతున్నానని ఇంగ్లీషులో అన్నాను. మూత కింద పెట్టేశాడు.

"పో, మల్ల విమానమెక్కు. టూరిస్టు యాడ గూడ బతకది బిడ్డా. టూరిస్టు చూస్తది, పోతది."

నవ్వాను. ఆయన నవ్వలేదు. తర్వాత చెప్పిన మాటే నా చెవుల్లో ఎప్పుడూ మోగుతుంది. "అడిగిందానికి జవాబియ్యి. అడగనిది కడుపుల వెట్టుకో."

టూరిస్టు అన్నాక ఊరు చూడాలి కదా. మస్కట్ నుంచి వచ్చిన మర్నాడు గ్రాంట్ రోడ్ దాకా నడిచి, అక్కడ బస్సెక్కి, నన్ను ఏదో ఒక చోటికి తీసుకెళ్ళేవాడు. నా ఫోన్లో ఫోటోలుండాలి, అది అసలు పని. కానీ ఆయన మ్యూజియంలో కూడా బొమ్మలు చూసేవాడు కాదు, గోడలు చూసేవాడు. రాయికీ రాయికీ మధ్య వేలు పెట్టి చూసి తల ఊపేవాడు. మనవాళ్ళే కట్టి ఉంటారని ప్రతి గోడకీ చెప్పేవాడు. నిజమో కాదో నాకు తెలీదు. కాపలావాళ్ళు ముట్టుకోవద్దంటే వాళ్ళకి కూడా అదే చెప్పేవాడు. గల్ఫ్‌లో ఉన్నన్నాళ్ళు తప్ప జన్మంతా ఇక్కడే ఉన్నా వాటిలో చాలావాటి లోపలికి ఆయన కూడా మొదటిసారే వెళ్ళాడని నాకు తర్వాత తెలిసింది.

విమానాశ్రయానికి వస్తే లోపలికి రానివ్వరు. నేను ముద్ర వేయించుకుని ఫోన్ చేసేదాకా బయట స్తంభం దగ్గర నిలబడేవాడు. కూర్చోవచ్చు కదా తాతా అంటే, కూర్చుంటే కునుకు పడుతుంది అనేవాడు.

పోయినసారి రాకలో నన్ను ఆపారు. అక్కడి ఆఫీసరు పేజీలు ఒక్కొక్కటే తిప్పి ముద్రలు లెక్కపెట్టాడు. పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. గంటసేపు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నిసార్లు వచ్చి ఇక్కడ ఏం చేస్తావన్నాడు. ఊరు చూస్తానన్నాను. ఫోటోలు చూపించమన్నాడు. అన్నీ గోడలే, గోడ పక్కన తాత. ఈయన ఎవరన్నాడు. తాత అంటే చుట్టరికం అడుగుతాడని భయమేసి, గైడ్ అని చెప్పాను. ఆఫీసరు ఇంకోసారి ఫోటో చూసి, ముద్ర వేసి, ఇది టూరిస్టు పద్ధతిలా లేదు, దిగిన చోటికి మనిషిని పంపి కనుక్కుంటామన్నాడు. తాత గది నంబరు రాసుకున్నాడు.

బయటికొచ్చి చెప్పగానే తాత నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత మా గడపలోకి వస్తే అవ్వతో "నీ మనవరాలి గైడు వచ్చిండు, చాయ పొయ్యి" అనేవాడు. కానీ ఆ రాత్రి గోడ అవతల ఆయన చాలాసేపు అటూ ఇటూ నడవడం విన్నాను. పొద్దున గ్యాలరీలో నిలబడి ఒక్కటే అన్నాడు. "ఇంకో నాలుగు నెలలు బిడ్డా. అటెన్క నీ సంతకం నీదే."

ఆ నాలుగు నెలల్లో మూడు గడిచాయి. ఈ తొంభై రోజులు రేపటితో నిండుతాయి. మస్కట్ విమానం ఇవాళ రాత్రి తొమ్మిదికి. పాస్‌పోర్టు పేటీలో ఉంది.

తాత పోయిన మర్నాడు పాలమూరు నుంచి ఆయన తమ్ముడి కొడుకు వచ్చాడు. కర్మ అంతా ఆయనే చేస్తున్నాడు, మూడో రోజు పిట్టకు పెట్టింది కూడా ఆయనే. మొలతాడుకున్న తాళంచెవి తీసి పెద్దమనుషులు ఆయన చేతికే ఇచ్చారు. వాళ్ళ ఇళ్ళల్లో పద్ధతి, పది దినాలయ్యేదాకా పోయినవాళ్ళ గదిలోంచి పుల్ల కూడా బయటికి తీయరు. పొద్దున, సాయంత్రం ఈ తమ్ముడి కొడుకే తాత గది తెరిచి దీపంలో నూనె పోసి మళ్ళీ తాళం వేస్తాడు. అవ్వ ఒకసారి పేటీలో పిల్ల కాయితాలున్నాయని మెల్లగా అంది. గురువారం దాటినాక మీ చేతుల పెడత పెద్దమ్మా, అన్నాడాయన, చాలా మర్యాదగా. అవ్వ తల ఊపి వచ్చేసింది. తారీఖు సంగతి నేను మళ్ళీ చెబితే, "ముసలాయన ఆత్మ ఈడనే తిరుగుతది, పేటీ ముడితే మంచిది గాదు. రెండు దినాలకు ఏమైతది" అంది.

నిన్న సాయంత్రం ఆ తమ్ముడి కొడుకు దీపం దగ్గర వంగి ఉన్నప్పుడు నేను వెనకే లోపలికి వెళ్ళాను. పేటీ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఆయన వెనక్కి తిరిగి నా చెయ్యి చూశాడు. కోప్పడలేదు.

"ఏం గావాలె బిడ్డా?"

"ఏం లేదు," అన్నాను.

నిన్న రాయలేకపోయింది ఇది కూడా. మూడేళ్ళు తాత నేర్పింది రెండు ముక్కలు. అడగనిది చెప్పకు, అడిగితే చెప్పు. నిన్న ఆ తమ్ముడి కొడుకు అడిగాడు. అంత మెత్తగా నన్ను ఎవరూ అడగలేదు. నేను సగమే నేర్చుకున్నాను తాతా. కడుపులో పెట్టుకోవడం ఒక్కటే వచ్చింది.

పొద్దున నేను నిద్ర లేచేసరికే ఆ తమ్ముడి కొడుకు దీపానికి నూనె పోసి, చుట్టాలకు దినం చెప్పడానికి వర్లి వెళ్ళిపోయాడు. ఆయన ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. అవ్వ పనికి వెళ్ళింది. ఇప్పుడు నాలుగున్నర. ఆరింటికి ఇక్కడ బయల్దేరినా అందుకోవచ్చు. ఆయన మెట్లెక్కగానే ఎదురెళ్ళి అంతా చెప్పేస్తా, నాన్న గురించి కూడా. ఒక్కొక్క వాక్యం పెదాల మీద చెప్పుకుంటూ కూర్చున్నా. బట్టలు సర్దాను. జిరాక్సులు మూడూ బ్యాగులో ఉన్నాయి.

మెట్ల మీద అడుగులు. ఆయనేనేమో.

కాదు. తలుపు కొడుతున్నారు. మాది కాదు, పక్కది. తాత తలుపు. చాలీలో అందరికీ తెలుసు ఆయన లేడని. తెలియనివాళ్ళే కొడతారు.

గ్యాలరీలో కూర తరుగుతున్న ఎదురింటి అత్త లేచింది. ముసలాయన పోయి వారమైందని హిందీలో చెబుతోంది. మగ గొంతు. పోలీస్ స్టేషన్ నుంచి అంటున్నాడు. ఈ గదిలో మలేషియా అమ్మాయి ఒకామె దిగిందట, టూరిస్టు, ఎక్కడుంది అని అడుగుతున్నాడు. అత్త నవ్వుతోంది. మధ్యలో హిందీ మర్చిపోయి తెలుగులోకి వచ్చేసింది.

"టూరిస్టు ఏంది సాబ్. అది మా పిల్లనే. మూడేండ్ల సంది ఈడనే ఉంటది."

ఆమె గొంతులో ఎంత ప్రేమ ఉందో. మళ్ళీ హిందీలో చెబుతోంది, తీన్ సాల్, తీన్ సాల్ అని. అర్థం కాలేదేమోనని.

ఈ కాగితాలు గూట్లో పరిచిన పేపరు కింద పెడుతున్నా. మా తలుపు కింద సన్నటి వెలుతురు గీత ఉంటుంది, గ్యాలరీలోంచి పడేది. ఇప్పుడు అందులో రెండు చోట్ల చీకటి. మా చాలీలో ఎవరూ బూట్లతో పైకి రారు. అవి కదలట్లేదు.

ఇప్పుడు మా తలుపు