బోణీ వేళకు చేరితే

గోధుమ నా ఒంటికి పడదు. పిండి రవ్వంత తగిలినా గంటలోపే కడుపు నులిపెట్టి, రెండు రోజులు మంచం దిగనివ్వదు. డాక్టరు ఈ సంగతి తేల్చినప్పటి నుంచి బయట చాయ్ తప్ప ఏదీ ముట్టలేదు. వచ్చే నెల నుంచి ఉద్యోగం మీద వనపర్తి, నాగర్‌కర్నూల్ తిరగాలి. ఎక్కడైనా నాలుగు మెతుకులు తినగలనా అని చూడటానికే గద్వాలలో బయలుదేరాను. అమ్మ జొన్నరొట్టెల డబ్బా చేతికిచ్చి, బయటేమీ తినొద్దని మరీ మరీ చెప్పింది.

తొమ్మిదింటికి బస్టాండు దగ్గర టిఫిన్ బండి మీద వడలు వేస్తున్నారు. మినప్పప్పే కదా అని ఆశపడ్డాను. అంతలో అదే నూనెలో మైదా బోండాలు పడ్డాయి. నోరు కట్టుకుని బస్సెక్కి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. పక్క సీట్లో మల్దకల్ ఊరి పెద్దమ్మ ఒకామె నా కథంతా విన్నది.

"గోదుమరొట్టె మేం పండుగకే చూసినం బిడ్డా. అది లేకుంటే బతకమా ఏంది?" అన్నది. ఆ మాటతో జర ధైర్యం వచ్చింది.

వనపర్తిలో మధ్యాహ్నం ఫాస్ట్‌ఫుడ్ బండి చుట్టూ జనం. ఎగ్ రైస్ అడిగాను గానీ మూకుడుకు నూడుల్స్ అంటుకుని ఉన్నాయి. కడగమంటే బండాయన విసుక్కోకుండా గుడ్డతో తుడిచి చూపించాడు. ఆ గుడ్డతోనే అన్నీ తుడుస్తున్నాడు. అంత గిరాకీలో అంతకంటే ఏం చేస్తాడు పాపం. ఆకలి దంచుతోంది, అయినా డబ్బా తెరవలేదు. నాగర్‌కర్నూల్ కూడా చూశాకే తింటానని పంతం పట్టాను.

అక్కడికి చేరేసరికి నాలుగున్నర. ఖాజా భాయ్ అనే ఆయన అప్పుడే తన ఫాస్ట్‌ఫుడ్ బండి తెరిచి పొయ్యి వెలిగిస్తున్నాడు. నా షరతులు చెప్పి, కుదరదంటే వెళ్లిపోతానన్నాను.

"బోణీ బేరం ఎనక్కి పంపుతనా అక్కా? జర ఆగు," అన్నాడు.

మొదటి గిరాకీ ఉత్త చేతులతో తిరిగిపోతే ఆ పూట వ్యాపారం సాగదని వీళ్ల నమ్మకం. నా పంట పండింది. మూకుడు, గరిటె సబ్బుతో తోమాడు, కొత్త నూనె ప్యాకెట్ కత్తిరించాడు. అన్నం పడ్డాక అలవాటుగా సోయా సాసు సీసా ఎత్తాడు. గబుక్కున చేయి అడ్డం పెట్టి, అందులోనూ గోధుమ ఉంటుందన్నాను.

"దీంట్లగూడనా? తెల్వదు," అని సీసా దూరం జరిపాడు.

గుడ్డు, ఉప్పు, కారం, వేడి అన్నం. భయపడుతూనే మొదలుపెట్టి ప్లేటు ఖాళీ చేశాను. నాలాంటి వాళ్లెవరైనా ఇటు వస్తే, పొయ్యి వెలిగే వేళకు చేరండి. సాసు సీసా మీద ఒక కన్నేసి ఉంచండి.

తిరుగు బస్సు వనపర్తి దాటాక అమ్మ ఫోన్ చేసింది. రొట్టెలు తిన్నవా అని అడిగింది.

"లేదమ్మా. బయట తిన్న."

అమ్మ మెల్లగా, "కడుపు నొస్తుందా?" అన్నది.

నొప్పి రావాల్సిన గంట ఎప్పుడో దాటిపోయింది. "నొస్తలేదమ్మా," అన్నాను.

"అయితే ఏం తిన్నవో చెప్పు."

గద్వాల వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.