చెవిన పడని టముకు

కరీమున్ మిరపకాయను కంటితో చూసి ఎండిందని ఒప్పుకోదు. చెవి దగ్గర పెట్టి ఆడిస్తుంది. గింజ గలగలమంటేనే కుప్పలో వేస్తుంది, లేకపోతే మళ్లీ ఎండలోకి విసురుతుంది. నల్లపాడు పక్క ఊళ్లో ఉమ్మడి కళ్లం ఆమెకు ఇల్లు లాంటిది. వేళ్లకెప్పుడూ కారమే గనక చెమటను మోచేత్తో తుడుచుకుంటుంది. ఎవరితో మాట్లాడినా చేతిలో పని ఆపదు. ఆ కళ్లాన్ని పత్తిమిల్లుకి ఇచ్చేస్తున్నారని, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు కొలతగొలుసుతో దిగిన రోజునే ఆమెకు తెలిసింది.

"అభ్యంతరాలుంటే చెప్పమని టముకు వేయించాం. ఒక్కరూ రాలేదు," అన్నాడాయన ఘాటుకి తుమ్ముతూ.

"ఎప్పుడు వేయించారండీ?"

"మొన్న మధ్యాహ్నం, కరణంగారి వీధిలో."

"మధ్యాహ్నం మేమంతా చేలల్లో ఉంటాం. ఊళ్లో కుక్కలుంటాయి, అవి వినుంటాయి."

"వేశాక విన్నట్టే లెక్క," అని ఆయన గొలుసు పరిపించాడు.

కరీమున్ మొదటిసారి పని ఆపింది. లేచి, ఆ గొలుసు మీద ఒక బస్తా కాయలు కుమ్మరించింది. పక్కనున్న ఆడవాళ్లూ తలా ఒక గంప తెచ్చి పోశారు. గొలుసు కనబడకుండా పోయింది.

"పానకాలూ, టముకు తీసుకురా. ఇక్కడ వెయ్యి," అంది గొలుసు పట్టుకున్న వెట్టివాడితో.

పానకాలు ఇన్‌స్పెక్టరు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, వెళ్లి తెచ్చాడు. కళ్లం నడుమ నిలబడి సంగతంతా చాటాడు. ఆడవాళ్లంతా చివరిదాకా నిలబడి విన్నారు.

కరీమున్ ఖాళీ గోనె దులిపి, మిరపకాయల మధ్య పరిచింది.

"మేం విన్నామండీ. కూర్చోండి, ఇక మీరు వినాలి."