కొండ మీద మా మనిషి

ఇందులో రాసిన ప్రతి మాటా నిజమని ముందుగా ప్రమాణం చేస్తున్నాను. ఇదేదో నోటిమాటగా చేసే ప్రమాణం కాదు. మా వైపు ఒకడి మాట మీద నమ్మకం చాలకపోతే వాణ్ణి కాణిపాకం తీసుకుపోయి, కోనేట్లో ముంచి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబెడతారు. అక్కడ అబద్ధమాడితే ఏమవుతుందో మా జిల్లాలో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. నేనూ తలస్నానం చేసి, తల తుడుచుకోకుండా కూర్చొని ఇది రాస్తున్నాను. కాణిపాకం కాస్త దూరం కాబట్టి బకెట్టుతో సరిపెట్టుకున్నాను.

తిరుపతిలో కాపురముండేవాడికి చుట్టాల కొరత ఉండదు. వేరే ఊళ్ళలో చుట్టం ఫోన్ చేస్తే ముందు ఆరోగ్యం అడుగుతాడు. మాకు ఫోన్ చేసిన చుట్టం ముందు ‘ఆధార్ పంపినాను, సూసుకో’ అంటాడు, ఆనక గుర్తొస్తే ఆరోగ్యం అడుగుతాడు. దర్శనం టికెట్టు కావాలంటే ఆధార్ ఉండాలి, టికెట్టు తీయాలంటే తిరుపతి చుట్టం ఉండాలి అని మా వాళ్ళ నమ్మకం. టికెట్లు ఆన్‌లైన్‌లో ఎక్కడ కూర్చొనైనా తీసుకోవచ్చని చెప్పి చూశాను. ‘అయినా మీరు దగ్గర ఉండారు గదా’ అన్నారు. కొండ దగ్గరుంటే ఇంటర్నెట్టుకూ దగ్గరవుతామని వాళ్ళ లెక్క.

అలా నా ల్యాప్‌టాప్ నిండా కార్డులు పోగుపడ్డాయి. పలమనేరు మేనత్తవి, పుత్తూరు చిన్నాయనవి, సూళ్ళూరుపేటలో రొయ్యల వ్యాపారం చేసే షడ్డకుడివి, షడ్డకుడి ఇంటి ఓనరువి, ఆ ఓనరు వియ్యంకుడివి. ఆ కార్డుల మీద ఒక్కరి మొహమూ వాళ్ళ మొహంలా ఉండదు. పుట్టిన సంవత్సరం మాత్రం పచ్చి నిజం. చిత్తూరులో ఉండే మా వదిన, అంటే మా ఆవిడ అక్క, వయసులో నాకంటే చిన్నదాన్నని పెళ్ళిళ్ళలో చెబుతూ ఉంటుంది. కార్డు ప్రకారం ఆమె నాకు అక్షరాభ్యాసం చేయించగలదు. ఆ సంగతి నా కడుపులో, నా ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉండేది.

ఇంతవరకూ బాగానే ఉంది. నా నోరే బాగుండలేదు. ఒకసారి వదిన వాళ్ళకు పండగ రద్దీలో టికెట్లు దొరికాయి. అందరిలాగే పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చొని, టికెట్లు వదిలిన క్షణంలో నొక్కితే దొరికాయి, అంతే. కానీ వదిన అంత సంబరపడి ‘ఎట్ల తెచ్చినావప్పా మరిదీ!’ అని అడిగేసరికి, ‘కొండ మీద మన మనిషి ఒకాయన ఉన్నాడులే వదినా’ అనేశాను. ఆ రోజు నా విస్తట్లో పడిన రెండో గారె నాకింకా గుర్తుంది. అంత మర్యాద ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడానికి మనసొప్పలేదు.

తర్వాత ఆ మనిషి నా చేతుల్లో పెరిగాడు. ఆయనకు మీసం పెట్టాను. జీపు ఇచ్చాను. బీపీ తెప్పించాను. ఏకంగా కూతురి పెళ్ళి కూడా చేశాను. మా ఇంటిల్లిపాదీ వస్తామంటే, ‘పెద్దవాళ్ళ పెళ్ళి, ఒక్కరినే పిలిచారు’ అని పట్టుపంచె కట్టుకొని బయలుదేరి, చంద్రగిరి కోటలో చెట్టు కింద సాయంత్రం దాకా కూర్చొని ఇంటికొచ్చాను. భోజనాలెట్లా ఉన్నాయని వదిన ఫోన్ చేసి అడిగితే, గుత్తివంకాయ బాగుందన్నాను. ఆ రోజు నేను తిన్నది రెండు అరటిపళ్ళు. మా ఆవిడ మాత్రం ఆయన ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఏదో పని గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఇక కోతి సంగతి. మా ఇల్లు కొండ వాలుకు దగ్గర. ఒక ఉదయం వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకొని, పక్కన మురుకుల పళ్ళెం పెట్టుకొని టికెట్ల కోసం కాచుకున్నాను. కాఫీ కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఒక ముసలి కోతి నా కుర్చీలో, నాకంటే హుందాగా కూర్చొని ఉంది. పళ్ళెం అప్పటికే ఖాళీ. ఇప్పుడు కీబోర్డు మీద పడింది. ఏళ్ళ తరబడి నేను తిన్న మురుకుల పొడి కీల సందుల్లో గాదె కట్టి ఉందని దానికి వాసన తగిలింది. గోటితో ఒక్కొక్క కీ పెరికి, కింద ఉన్న పొడి నాకి, కీని నా వైపు విసిరింది. నేను ‘ఛూ’ అంటే, అది పళ్ళు చూపించి ఎంటర్ కీ కూడా పెరికింది.

ల్యాప్‌టాప్ చావలేదు. తెర వెలుగుతోంది, మౌసు కదులుతోంది, నోట్లో పళ్ళు మాత్రం లేవు.

“మా తమ్ముడి షాపు ఉండాది గదా, ఆడ ఇచ్చేయండి” అంది మా ఆవిడ.

తమ్ముడంటే ఆమె చిన్నాయన కొడుకు. నాకు బామ్మర్ది. ల్యాప్‌టాపులు బాగుచేస్తాడు. చెయ్యి మంచిది, నోరు మాత్రం ఊరంతటిదీ. సాయంత్రం వదినకు ఫోన్ చేయనిదే వాడికి అన్నం దిగదు. వాడు నా ల్యాప్‌టాప్ తెరిచి టికెట్ల మెయిళ్ళు చూశాడంటే, అన్నీ మామూలు జనం తీసుకున్నట్టే తీసుకున్నవని అర్థమైపోతుంది. మీసం, జీపు, బీపీ, కూతురి పెళ్ళి ఒక్క సాయంత్రంలో కూలిపోతాయి. నా రెండో గారె కూడా.

అందుకని ఆ క్షణాన నేను సమాచార భద్రత మీద గొప్ప భక్తుణ్ణయ్యాను.

“చూడు, ఇది నా ఒక్కడి విషయం కాదు. పదిమంది నమ్మి ఇచ్చిన కార్డులు. రిపేరుకు ఇచ్చే ముందు అన్నీ తీసి దాచడం మన ధర్మం” అన్నాను.

“అంత ధర్మం ఉంటే ఆ పొద్దు మురుకులు కూడా దాచింటే బాగుండు” అంది.

ఆదివారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. కీబోర్డు లేదు కాబట్టి తెర మీద బొమ్మ కీబోర్డు తెరిచి, మౌసుతో ఒక్కో అక్షరాన్నీ వెతికి నొక్కడం. ముందు కార్డులన్నీ, టికెట్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తాను. ఎక్కాయో లేదో తెరిచి చూసుకున్నాను. తర్వాత ల్యాప్‌టాప్‌లోవి చెరిపేశాను, చెత్తబుట్టలో మిగిలినవీ ఊడ్చేశాను. మెయిల్‌లోంచి బయటికొచ్చాను. బ్యాంకు పాస్‌వర్డులు కూడా బ్రౌజరు గుర్తుపెట్టుకుని ఉందని అప్పుడే తెలిసింది. నాకు గుర్తులేనివి దానికి గుర్తున్నాయి. అవీ తీసేశాను. చివరికి రిపేరు చేసేవాడు తెరిచి చూసుకోవడానికి వేరే ఖాతా ఒకటి పెట్టాను, అందులో ఏమీ ఉండదు. అయ్యేసరికి కాఫీ వేళ దాటింది గానీ, నా తెలివికి నాకే దండం పెట్టుకోవాలనిపించింది.

మిగిలింది పెన్‌డ్రైవ్. బొటనవేలంత ఉంది. దీన్ని ఎక్కడ పెట్టాలి? బీరువా మా ఆవిడది. టేబుల్ సొరుగులో చెయ్యి పెట్టని చుట్టం లేదు. ఇంట్లో ఎవరూ ముట్టనిది ఏది అని చూస్తే, దేవుడి గూట్లో మేకుకు వేలాడుతున్న ముడుపు కనిపించింది. మోకాలి నొప్పి తగ్గితే కొండకొచ్చి హుండీలో వేస్తానని మా ఆవిడ పసుపుగుడ్డలో చిల్లర కట్టి మొక్కుకుంది. ఎప్పటినుంచో అక్కడే వేలాడుతోంది, నా కళ్ళకు అది కూడా ఒక దేవుడి పటమే. ముడుపు విప్పిన ఇల్లు మా వైపు ఉండదు. దొంగైనా దాని జోలికి పోడు. మెల్లగా ముడి విప్పి, పెన్‌డ్రైవ్ లోపలికి దూర్చి, చెంపలేసుకొని, మళ్ళీ కట్టేశాను.

మర్నాడు బామ్మర్ది షాపుకు వెళ్ళి, ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, “లోపల ఏమీ వెతకవద్దు, అంతా తీసేశాను” అన్నాను.

వాడు కీబోర్డు వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. “ఏం బావా, అట్లాంటియేమన్నా ఉండాయా లోపల?”

“ఛీ! చుట్టాల కార్డులురా.”

“నాకు మార్సాల్సింది కీబోర్డు. గొళ్ళెం బాగుసేసేవాడు బీరువా తాళం అడగతాడా? పాస్‌వర్డు కూడా వద్దు నాకు.” ఒక కీ పట్టుకొని ఊదాడు. మురుకు పొడి లేచింది. “కోతి పెరికిందంటివే, నిజంగానేనా? ఇంత పొడి కోతి తిన్నట్టు లేదే, నువ్వు తిన్నట్టు ఉండాది. సరే, తీసిందంతా యాడ పెట్టినావు?”

“పెన్‌డ్రైవ్‌లో.”

“దానికన్నా పాస్‌వర్డు పెట్టినావా?”

“దానికెందుకురా? అది ఎక్కడుందో దేవుడికే తెలుసు” అన్నాను, మీసం మీద చెయ్యేసుకొని.

ఆ వారంలోనే వదిన వాళ్ళ దర్శనం. ఆ టికెట్లు కోతి రాకముందెప్పుడో తీసింది నేనే, మా ఆవిడకు కూడా కలిపి. వాళ్ళు కొండకు వెళ్ళిన రోజు నేను షాపుకు వెళ్ళి, కొత్త పళ్ళు కట్టించుకున్న ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. సాయంత్రం వాళ్ళు దిగొచ్చారు. లడ్డూల వాసన మధ్య నేను దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి చూస్తే, మేకు ఉంది, ముడుపు లేదు.

“ముడుపేది?” అన్నాను.

“ముడుపు యాడుంటాది, హుండీలో ఏసినాను” అంది మా ఆవిడ, కాళ్ళు చాపుకొని. “మోకాలు తగ్గి ఎన్నాళ్ళయింది. ఏం, తిరిగి ఇయ్యమని అడగాల్నా స్వామిని?”

నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. అటు వదిన, ఇటు మా ఆవిడ. చెప్పక తప్పలేదు: కార్డులన్నీ పెన్‌డ్రైవ్‌లో, పెన్‌డ్రైవ్ ముడుపులో, ముడుపు హుండీలో.

“నా కార్డు కూడానా?” అంది వదిన, ముఖం పాలిపోయి. ఆమెకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. అంతలోనే ఆమె ముఖం వెలిగింది. “ఓస్, దీనికేనా! పైన మీ మనిషి ఉండాడు గదప్పా! ఒక ఫోన్ కొట్టు, తీసి పక్కన పెడతాడు. ఊఁ, కొట్టు. నేనూ ఒక మాట మాట్లాడతా. కూతురు బాగుందా అని అడగల్ల.”

నా ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. నిటారుగా. “వదినా, పైన మనిషి లేడు. ఎప్పుడూ లేడు. నేను పొద్దున్నే లేచి అందరిలాగే నొక్కాను. ఆ గారె నాకు తగదు” అన్నాను. వదిన కళ్ళు చెమర్చాయి. “ఇంత నిజం చెప్పే మరిది ఎవరికుంటాడు” అని నా తల నిమిరింది. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. లడ్డూ సగం తుంచి నా నోట్లో పెట్టింది.

తల ఆరిపోయింది. ఇక్కడికి ఒట్టు కూడా ఆరినట్టే. కాబట్టి చెబుతున్నాను.

కోతి నిజం. ఎంటర్ కీ నేటికీ దొరకలేదు, అదీ నిజం. ముడుపు, హుండీ, చంద్రగిరి కోట, రెండు అరటిపళ్ళు, అన్నీ నిజమే. పాస్‌వర్డు లేకుండా కార్డులు చెయ్యిదాటాయని, ఎవరైనా ఫోన్ చేసి నంబర్లు అడిగితే చెప్పవద్దని చుట్టాలందరికీ ఒక్కొక్కరికీ నా చేత ఫోన్ చేయించి చెప్పించింది మా ఆవిడ, పక్కన నిలబడి. ఇప్పుడు ఎవరి కార్డొచ్చినా టికెట్టు తీసిన పూటే చెరిపేస్తున్నాను.

కల్పించింది ఒక్కటే. నేను లేచి నిలబడింది. అసలు లేవనే లేదు.

ఫోన్ చేతిలో పెట్టుకొని, గోడకు ఆనుకొనే, “ఆయన రిటైరైపోయాడు వదినా” అన్నాను. “మొన్ననే.”

“అయ్యో! అంత మంచాయన” అని వదిన ముక్కు మీద వేలేసుకుంది. ఓ నిమిషం ఆయన కోసం బాధపడింది కూడా. తర్వాత, “ఆ జాగాలోకి వచ్చినాయన మనకు తెలిసినోడేనా?” అంది.

“మాట్లాడుతున్నాను” అన్నాను.

లడ్డూ ఇచ్చిందన్న మాట మాత్రం నిజం. వంటింట్లోకి పిలిచి ఇచ్చింది మా ఆవిడ. ఇస్తూ, వదినకు వినపడకుండా అంది:

“కొత్తాయనకు ఆడపిల్లల్ని పెట్టొద్దండీ. మళ్ళా ఎండలో కోటలో కూర్సోలేరు మీరు.”