మెట్ల కింద ముడతలాయన, ఆకుపచ్చ దారం

మొన్న కూరగాయల బండి దగ్గర ఒకావిడ టమాటాలు నొక్కి చూస్తూ పక్కావిడ చెవిన వేస్తోంది. "ఆ నాలుగంతస్తుల మేడలో ఇస్త్రీ ఆయన లేడూ, అతనికి సాంస్కృతిక కార్యాలయం వాళ్లు జీతమిస్తున్నారట. ఈ ఇంటి బట్టలు ఆ ఇంట్లో, ఆ ఇంటివి ఈ ఇంట్లో వేసి రావడమే ఉద్యోగమట. అలాగైనా జనం ఒకరితో ఒకరు మాట్లాడతారని." పక్కావిడ, "అదా సంగతి, అందుకేనా ఆయన మొహంలో ఆ కళ" అంది. మర్నాటికి కబురు మూడు వీధులు దాటింది. మూడో వీధికి చేరేసరికి ఆయనకు కార్యాలయం వాళ్లు కారు కూడా ఇచ్చేశారు.

ఆ మేడలో ముప్ఫై ఏళ్లుగా కాపురం ఉంటున్నదాన్ని నేను. ఎవరింట్లో గిన్నె కిందపడినా, చప్పుడు విని అది ఇత్తడిదో స్టీలుదో చెప్పగలను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివింది ఐదో తరగతే. చూసింది రాయడానికి అది సరిపోతుంది.

ఆయన్ని మేమంతా ముడతలాయన అంటాం. అందరి బట్టలూ అద్దంలా చేసి ఇచ్చే మనిషి ఒంటిమీద చొక్కా మాత్రం గుప్పిట్లో నలిపి పారేసిన కాగితంలా ఉంటుంది. అడిగితే, "బోర్డు వెనకాల నిలబడేవాణ్ని నన్నెవరు చూస్తారక్కా" అంటాడు. పూర్వం ఓ పెద్ద ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో పని. ఆ పనికి యంత్రాలొచ్చాక, ఇరవై రెండేళ్ల కిందట, ఒక ఇస్త్రీపెట్టె, ఒక పరుపుచుట్ట పట్టుకుని మా మెట్ల కింద గదిలోకి వచ్చి చేరాడు. కొట్టూ అదే, ఇల్లూ అదే. మెట్లతోపాటు కప్పు కూడా ఏటవాలుగా దిగిపోతుంది. నిలబడే వైపు ఇస్త్రీ, వంగే వైపు వంట, పాకే వైపు పడక.

మా మేడలో అంతస్తుకు నాలుగు చొప్పున పదహారు తలుపులు, అన్నీ కలిపి ఐదు భాషలు. ఎవరూ పనిగట్టుకుని చేయలేదు గానీ, ఇంచుమించు ఒక్కో అంతస్తులో ఒక్కో రకం జనం పోగయ్యారు. ఒకరు అద్దెకు దిగితే పక్క వాటాలోకి బావమరిది వస్తాడు, ఆయన వెనకాల మేనత్త వస్తుంది. మెట్ల మీద ఎదురైతే గోడవైపు జరిగి దారి ఇవ్వడం, అంతవరకే మా స్నేహం. పదహారు తలుపులూ తట్టేవాడు ముడతలాయన ఒక్కడే. ఆయనకు ఐదు భాషలూ వచ్చని పెద్ద పేరు. దగ్గరుండి విన్నాను గనక చెబుతున్నాను, ఒక్కో భాషలో ఆయనకు వచ్చినవి మూడే మాటలు: కాలరు, మరక, రేపు. ఆ 'రేపు' మాత్రం ఐదింట్లోనూ తేనె ఒలికేలా అంటాడు.

బట్టలకు ఆయన గుర్తు పెట్టే పద్ధతి ఒకటుంది. కాలరు లోపల, లంగా నాడా పక్కన, తెర అంచు మడతలో, కనపడకుండా చిన్న చిన్న దారపు కుట్లు. అంతస్తుకో రంగు, తలుపు ఎన్నోదో అన్ని కుట్లు. మొదటి అంతస్తు ఎరుపు, రెండోది నీలం, మూడోది పసుపు, నాలుగోది నలుపు. మాది రెండో అంతస్తు మూడో తలుపు. నీలం, మూడు కుట్లు. ఇరవై రెండేళ్లలో ఒక్క జేబురుమాలు దారి తప్పలేదు.

సాంస్కృతిక కార్యాలయం వాళ్లు కిందటేడు సంభాషణ పథకమని ఒకటి పెట్టారు. వేరువేరు భాషల వాళ్లు, వేరువేరు అలవాట్ల వాళ్లు ఒకే కప్పు కింద ఉండే మేడల్ని ఎంచి, వాళ్ల మధ్య మాటామంతీ పెంచుతారట. నెలలో ఎన్ని సంభాషణలు జరిగాయో రిజిస్టరులో రాస్తారట. పథకంలో చేరిన మేడకు మెట్లు బాగుచేయించి రంగు వేయిస్తారట. మా కమిటీ అధ్యక్షుడు, మొదటి అంతస్తు రెండో తలుపాయన, కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు, మెట్ల రంగు దాకా చదివి సంతకం పెట్టేశాడు.

మొదటి సమావేశానికి పెరట్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. అధికారిణి చిన్నపిల్ల, మంచి పిల్ల, మనసు పెట్టి పనిచేసే పిల్ల. "మీ సంస్కృతిలో మీకు బాగా నచ్చినదేమిటో పక్కవారికి చెప్పండి" అంది. ఎవరికి వాళ్లం చెప్పుల వైపు చూసుకున్నాం. చాలాసేపటికి మూడో అంతస్తు గడియారాలాయన లేచి, తనకు మధ్యాహ్నం నిద్ర నచ్చుతుందని చెప్పి కూర్చున్నాడు. రిజిస్టరులో సంభాషణలు ఒకటి.

పాపం ఆ పిల్ల నిరుత్సాహంగా వెళ్లిపోతూ, ముడతలాయన దగ్గర వేలాడదీసిన చొక్కాల కాలర్లు చూసింది. దారాల రంగులు చూసింది. ఏ రంగు ఏ అంతస్తో, ఏ అంతస్తు ఏ భాషో లెక్క కట్టుకుంది. మొహం ఎర్రబడింది.

"మనుషుల్ని ఇలా రంగులతో విడదీస్తున్నారా?"

"అంతస్తులమ్మా. మూటలు మోసుకెళ్లడానికి వీలుగా ఉంటుందని."

"ఇకనుంచి అందరికీ ఒకే రంగు. దారం మేమే పంపిస్తాం."

"ఎవరి చొక్కా ఎవరిదో ఎలా తెలుస్తుందమ్మా?"

"రంగు చూడకుండా మనిషిని మనిషిగా గుర్తుపట్టండి."

"మనిషినైతే గుర్తుపడతానమ్మా. లోపల మనిషి లేని చొక్కాలతోనే ఇబ్బంది."

ఆ పిల్లకు అది వెటకారంలా వినిపించింది. మర్నాడు డజను ఆకుపచ్చ దారపు ఉండలు, వెంట ఒక ఉత్తర్వు వచ్చాయి. అధ్యక్షుడు మెట్ల రంగు ఎక్కడ పోతుందోనని, "చెప్పినట్టు చెయ్యవయ్యా" అని ఒకటే పోరు. ముడతలాయన రెండు రోజులు కూర్చుని పాత దారాలన్నీ ఊడదీసి ఆకుపచ్చవి కుట్టాడు.

ఇక చూడండి మా బతుకు. కుట్లు ఉన్నాయి గనక తలుపు ఎన్నోదో తెలుస్తోంది, అంతస్తు తెలియడం లేదు. రెండో తలుపు వాళ్ల బట్టలు నాలుగు అంతస్తుల్లోనూ రెండో తలుపుల దగ్గరే తిరుగుతున్నాయి. మా దుప్పటి మూడు వారాలు పై అంతస్తులో నిద్రపోయి వచ్చింది. నాకు ఎవరిదో బ్యాంకు యూనిఫారం వచ్చింది. ఎవరిదో కనుక్కోవాలి గదా అని మిగతా మూడు అంతస్తుల్లో మూడో తలుపులు తట్టాను. రెండిళ్లలో టీ తాగాను. ఒక ఇంట్లో కోడలి మీద ఫిర్యాదు విన్నాను, భాష సగమే అర్థమైనా కోడలు మొత్తం అర్థమైంది.

అందరూ నాలాగా సరదాపడలేదు. దొంగన్నారు, చూపు పోయిందన్నారు, ముసలితనమన్నారు. ఆయన ఏ ఒక్కరితోనూ ఉత్తర్వు సంగతి ఎత్తలేదు. "ఆ పిల్ల ఉద్యోగానికి ముప్పొస్తుందేమో" అని నాతో ఒక్కసారన్నాడు, నా నోరు కట్టేశాడు. నెల తిరక్కుండా ఆయన తలుపుకి ఒక కాగితం అంటించారు. వచ్చే ఆదివారం కమిటీ సమావేశం. విషయం, మెట్ల కింద గది ఖాళీ చేయించుట. అధ్యక్షుడి చేతిరాత. ఆయన మంచి కోటు పోయి అప్పటికి వారం.

ముడతలాయన కాగితం చదువుకుని మళ్లీ పనిలో పడ్డాడు. కాసేపయ్యాక, "అక్కా, నిటారుగా నిలబడేంత ఎత్తున్న గది ఎక్కడైనా దొరుకుతుందంటావా?" అన్నాడు. నేను పక్కనున్న దుప్పటి అందుకుని మడతపెట్టాను. "లేకపోయినా ఫర్వాలేదులే, వంగడం అలవాటే" అన్నాడు.

శనివారం సాయంత్రం కోటు జాడ తెలిసింది. నాలుగో అంతస్తు రెండో తలుపు, క్రేను నడిపే అతనింట్లో. అధ్యక్షుడు మెట్లదిరిపోయేలా పైకెక్కాడు. నాకూ పైన పనుంది, పనేమిటని అడక్కండి, వెనకాలే వెళ్లాను. తలుపు తీసింది క్రేనతని తల్లి. కోటు తెచ్చి చూపించి, వచ్చీ రాని మాటల్లో చెప్పింది, కొడుక్కి కంపెనీ వాళ్లు కొత్త కోటిచ్చారనుకుందట. తొడిగితే పట్టలేదట. కొడుకు లావెక్కాడని రెండు రోజులు తిండి తగ్గించి, ఆ తర్వాత మనసొప్పక కుట్లు విప్పి కోటే వదులు చేసిందట. వెనకాల నిలబడ్డ క్రేనతను, ఆరడుగుల మనిషి, తలూపాడు. ఆ రెండు రోజుల ఆకలి ఇంకా మొహంలో ఉంది.

"నా కోటు విప్పిందెవరు, అడిగి విప్పారా?" అని అధ్యక్షుడు కోటు లాక్కుని తొడుక్కున్నాడు, ఎంత పాడుచేశారో మాకు చూపిద్దామని. బొత్తాం పెట్టాడు. పట్టింది. నాలుగేళ్లుగా ఆ బొత్తాం ఊరికే అలంకారానికి వేలాడుతోంది. ఊపిరి పీల్చాడు, వదిలాడు, మళ్లీ పీల్చాడు. కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు.

"చంక దగ్గర ఇంకో అరంగుళం వదలడానికి వీలవుతుందా అమ్మా?" అన్నాడు.

ఆవిడ సూది తెచ్చింది. కుర్చీ వేశారు. నేను తొమ్మిదింటికి దిగి వచ్చేశాను, ఆయన ఇంకా దిగలేదు.

ఆదివారం పెరట్లో కుర్చీలు. అధికారిణి రిజిస్టరుతో వచ్చి ఓ మూల కూర్చుంది. అధ్యక్షుడు కోటు బొత్తాం పెట్టుకుని, విషయం చదివి, ఎవరైనా మాట్లాడవచ్చన్నాడు. ముందు రెండో అంతస్తు నర్సు లేచింది.

"నా తెర వీళ్లింటి కిటికీకి వేలాడుతోంది."

"వేలాడితే ఏమైంది, బాగాలేదా?" అంది మొదటి అంతస్తు పంతులమ్మ.

"మా ఇంట్లోకంటే బాగుంది. అదే నా బాధ."

"మరి మా ఆయన నీ భర్త చొక్కాలు వేసుకుని ఆఫీసుకు పోతుంటే అందరూ బాగున్నాయంటున్నారు, దానికి నేనెవరితో చెప్పుకోను?"

అంతే, ఒకళ్ల మీద ఒకళ్లు పడి మాట్లాడటం మొదలుపెట్టారు. గడియారాలాయన మధ్యాహ్నం నిద్ర కూడా మానుకుని అరిచాడు. అధికారిణి గీతలు గీస్తూ గీస్తూ చెయ్యి విదిలించుకుని, "ఒక్క నిమిషం, మీకందరికీ ఇంత పరిచయం ఎప్పుడైంది?" అని అడిగింది. అందరూ ముడతలాయన వంక చూశారు. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఇక నావల్ల కాలేదు. లేచి దారం కథంతా చెప్పేశాను. అధ్యక్షుడి కోటు కాలరు తిప్పి, ఆకుపచ్చ దారం పక్కనే పాత ఎర్రదారం సూది రంధ్రాలు అందరికీ చూపించాను.

ఆ పిల్ల మొహం చూస్తే జాలేసింది. "ఆ ఉత్తర్వు నాదే. తప్పు నాది. అదే రాస్తాను" అంది, రాసింది కూడా. ఆకుపచ్చ దారం రద్దు. అధ్యక్షుడు కలం తీసి గది ఖాళీ విషయం కొట్టేశాడు. ఆ నెల రిజిస్టరులో సంభాషణలు నూట పద్నాలుగు.

ఆ పిల్ల తప్పు ఒప్పుకున్న పేజీ పైఅధికారులు తిప్పలేదు, సంఖ్య చూశారు. పక్కపేటలో ఆరు మేడలకు ఆకుపచ్చ దారం పంపించారు. అక్కడి ఇస్త్రీవాళ్లకు శిక్షణ ఇవ్వమని ముడతలాయనకు కబురంపితే, ఆయన 'రేపు' అన్నాడు. జీతమన్న మాట పుట్టింది అక్కణ్నుంచే. జీతం లేదు, కారు లేదు. టమాటాల ఆవిడకి నేను ఇదంతా చెప్పాను, ఆవిడ నమ్మలేదు, అది వేరే సంగతి.

నాకూ ఒక్క అనుమానం మిగిలింది. రంగుదారాలు తిరిగొచ్చి ఆరు నెలలయింది. ఒక్క రుమాలూ తప్పిపోలేదు. అలాంటిది పోయిన వారం మా ఆయన పైజమా మూడో అంతస్తు మొదటి తలుపు, బ్యాండుమాస్టరు ఇంట్లో తేలింది. మా ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని నుంచి రిటైరయ్యాక కిటికీ దగ్గర కుర్చీలోంచి లేవలేదు. రోజుకు మూడు మాటలు: టీ, ఊఁ, తలుపెయ్యి. పైజమా తెచ్చుకోవడానికి పొద్దున పదింటికి వెళ్లిన మనిషి సాయంత్రం కళ్లజోడు కోసం వచ్చి మళ్లీ వెళ్లాడు. బ్యాండుమాస్టరు దగ్గర ముప్ఫై ఏళ్లుగా వాయిద్యాలకు స్వరాలు రాసుకున్న కాగితాలు గుట్టలుగా పడున్నాయట, అవన్నీ వేరుచేసి గూళ్లలో సర్దుతున్నాడు. రాత్రి భోజనం దగ్గర వాటి గురించే వాగుడు.

నిన్న మెట్ల కిందకి వెళ్లి నిలదీశాను.

"మాది నీలం, మూడు కుట్లు. వాళ్లది పసుపు, ఒకటే కుట్టు. కళ్లు మూసుకుని తడిమినా తెలుస్తుంది. ఇది పొరపాటంటే నేను నమ్మను తమ్ముడూ. మొన్న మొన్ననే ఈ గది పోయేదాకా వచ్చింది. మళ్లీ ఎవరైనా ఫిర్యాదు పెడితే ఎక్కడికి పోతావు? కావాలనే చేశావా లేదా, సూటిగా చెప్పు."

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చేయి తుడుచుకున్నాడు.

"పైజమా నీదా అక్కా?"

"మా ఆయనది."

"మరైతే ఫిర్యాదు పెట్టాల్సింది బావగారు. ఆయన ఆ ఇంట్లోంచి తిరిగొచ్చినప్పుడు అడిగి చూడు, పెడతారేమో."