చిన్నాయనతో నా ఫీల్డ్‌వర్క్ ఊళ్లకు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒక్క రోజులో చూసిరావాలని ఎవరూ ప్రత్యేకంగా బయల్దేరరు. మా చిన్నాయన ఫోన్ చేయకపోతే నేనూ వెళ్లేదాన్ని కాదు. ఆయన తిమ్మాజిపేటలో వ్యవసాయం చేస్తాడు. ఒక్కతే కూతురు, స్వప్న. ఇంటర్ అయిపోయాక, నాగర్‌కర్నూల్‌లో నేను చదివిన కాలేజీలోనే, నాలాగే బీఎస్‌డబ్ల్యూలో చేరతానని పట్టుబట్టింది. సీటు కూడా వచ్చింది. ‘‘సోషల్ వర్క్ అంటే ఏందే? ఊళ్లు ఊడ్చేటందుకు డిగ్రీ గావాల్నా? నీ మాటైతే ఇంటది, జర వద్దని చెప్పు’’ అన్నాడు చిన్నాయన. నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో కౌన్సెలర్‌ని. ఆ ఉద్యోగం ఆ చదువుతో వచ్చిందేనని ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. ‘‘ఒక్కరోజు నాతోని రా చిన్నాయన. చూసినంక గూడ వద్దంటే నేనే దానికి చెప్త’’ అన్నాను. పత్తి గింజలు పెట్టి వాన కోసం ఎదురుచూస్తున్న రోజులు కాబట్టి ఒప్పుకున్నాడు.

పొద్దున్నే జడ్చర్లలో రైలెక్కితే రెండు గంటల్లో, కాస్త అటూ ఇటూగా, గద్వాలలో దిగాం. స్టేషన్ బయట ఆటోలుంటాయి. ముందే బేరమాడుకుంటే కోట దగ్గరికి తక్కువలోనే తీసుకెళ్తారు. వేడివేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, చేనేత ఇళ్లుండే సందులోకి నడిచాం. కాలేజీలో మొదటి సంవత్సరం ఫీల్డ్‌వర్క్‌కు మమ్మల్ని ఇద్దరిద్దరుగా ఈ సందులోకే పంపారు. నీలం అంచు తెల్ల చుడీదార్, మెడలో ఐడీ కార్డు, నోట్లో మాట లేదు. మొదటి ఇంట్లో మగ్గం దగ్గరున్న నర్సమ్మ అనే ఆమె మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి, ‘‘ఏమన్న ఇయ్యనీకె వచ్చిన్రా, అడగనీకె వచ్చిన్రా?’’ అంది. తనే నవ్వి, పక్కన కూర్చోబెట్టుకుని కండెలకు దారం చుట్టే పని ఇచ్చింది. ఆ సాయంత్రానికి ఆమె మోకాళ్ల నొప్పి నుంచి కోడలితో గొడవ దాకా అన్నీ మాకు చెప్పేసింది. ఇప్పుడు ఆ ఇంటికి తాళం. రాయచూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. సందులో రెండు మగ్గాల చప్పుడే వినిపించింది.

గద్వాల నుంచి వనపర్తికి ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి, పెబ్బేరు మీదుగా బస్సులున్నాయి, గంటన్నర పట్టొచ్చు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ ఉండదు; చిన్నాయన తన టికెట్ తీసుకుంటూ ‘‘మగోళ్లం ఏం పాపం చేసినం సారూ’’ అని కండక్టర్‌ను నవ్వించాడు. బీచుపల్లి వంతెన మీద కృష్ణకు చేతులు జోడించి, ‘‘నీళ్లింకా రాలే’’ అని నిట్టూర్చాడు.

వనపర్తిలో పాత బస్టాండు దగ్గర ఓ చిన్న చాయ్ హోటల్ ఉంది. యజమానిని ఇక్కడ ఖాజా అని పిలుస్తాను. అసలు పేరు రాయొద్దన్నాడు, మిగతాదంతా రాయమన్నాడు. మేము రావచ్చా అని ముందే ఫోన్ చేసి అడిగాను. రెండో సంవత్సరం నా ఫీల్డ్‌వర్క్ ఇక్కడి దవాఖానలో. అప్పట్లో ఖాజాకు టీబీ, మందులు మధ్యలో ఆపేశాడు. ఇంటికి వెళ్తే తలుపు తీసేవాడు కాదు.

‘‘దవాఖానోళ్లు ఇంటికొస్తే గల్లీ అంతా తెలుస్తదని భయం భాయ్’’ అన్నాడు ఖాజా, చిన్నాయనకు చాయ్ అందిస్తూ. ‘‘గీ బిడ్డ మెడల కార్డు తీసి సంచిల ఏసుకొని, దినాం హోటల్‌కొచ్చి కూసుంటుండె. గోలీల మాటే ఎత్తకపోతుండె. బిర్యానీ ఎట్ల చేస్తరు, పిల్లలేం సదువుతున్నరు, గియ్యే ముచ్చట్లు. ఆఖరికి నేనే చెప్పిన, గోలీ మింగితే కడుపుల తిప్పుతున్నది, కౌంటర్ల నిలవడనీకె అయితలేదని. డాక్టర్ దగ్గరికి తోలుకపోయి మాట్లాడిపిచ్చింది. అప్పుడు పూరా కోర్సు మింగిన.’’

లోపలి నుంచి ఆయన భార్య అందుకుంది: ‘‘నాకు గూడ చెప్పని మాట గీ పిల్లకు చెప్పిండు!’’

చిన్నాయన నవ్వలేదు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, నన్ను అడిగాడు.

‘‘అందరు గిట్లనే బతికిన్రా?’’

‘‘లేదు చిన్నాయన. వెనక గల్లీల ఒకాయన బతకలే.’’

‘‘మరి అప్పుడేం చేసినవ్?’’

‘‘హాస్టల్‌ల కూసోని ఏడ్చిన. తెల్లారి మల్ల పోయిన. ఆయన పెండ్లాంకు, పిల్లలకు పరీక్షలు చేపియ్యాలె గద.’’

‘‘గదే నా భయం’’ అన్నాడాయన మెల్లగా. ‘‘ఊడ్చుడు గీడ్చుడు ఉత్త మాట. స్వప్నది మెత్తటి పానం. మంది దుఃఖమంతా ఇంటికి మోసుకొస్తదే.’’

అది నిజమే. మోసుకొస్తాం. మొదటి ఏడాది అన్నం సహించదు. తర్వాత ఎంత మోయాలో, ఎక్కడ దించుకోవాలో కూడా ఆ చదువే నేర్పుతుంది. అదే చెప్పాను.

భోజనం చేసి నాగర్‌కర్నూల్ బస్సెక్కాం. బిజినేపల్లి మీదుగా గంటకు పైగా ప్రయాణం. దారి పొడుగునా పత్తి విత్తిన చేలు. కాలేజీలో చిన్నాయన హాస్టల్ చూశాడు, వార్డెన్‌తో మాట్లాడాడు, మంచినీళ్ల కుళాయి తిప్పి చూశాడు. గేటు బయటికొచ్చాక ఫోన్ తీసి కూతురికి కలిపాడు.

‘‘బిడ్డా, బట్టలు సదురుకో. నేనే వచ్చి దించిపోత. ఒక్క మాట ఇను. ఎవరి కష్టమన్న ఇని మనసు బరువైతే, ఒక్కదానివే మోయకు. నాకు ఫోన్ చెయ్యి. నాకేం తెల్వదు గని, నువ్వు చెప్పేది ఇంట.’’

అవతల స్వప్న ఏమందో నాకు వినపడలేదు. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

నేను ఆ గేటులోంచి మొదటిసారి లోపలికి వెళ్లిన రోజున, ఈ చదువు ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు; ఏం చదువుతున్నానో తెలిస్తే కదా. మూడేళ్లపాటు ఎండల్లో తిరిగి, తిట్లు తిని, ఎవరెవరి ఇళ్లలోనో జొన్నరొట్టెలు తిని పెద్దదాన్నయ్యాను. ఆ రోజులు తలచుకుంటే పాఠాలు గుర్తురావు, గడపలు గుర్తొస్తాయి. వాటిలో కొన్నింటికి ఇప్పుడు తాళాలు. తెరిచి ఉన్నవాటి దగ్గరికైనా ఇన్నాళ్లూ ఎందుకు రాలేదా అనిపించింది.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: నాగర్‌కర్నూల్‌లో దిగగానే జడ్చర్ల వైపు చివరి బస్సు ఎప్పుడో డిపోలో కనుక్కోండి. మధ్యలో తెలిసినవాళ్లుంటే మాత్రం ఆ ఊరికి రెట్టింపు సమయం పెట్టుకోండి. ఈ పాలమూరు ఊళ్లలో ఎవరూ ఒక్క చాయ్‌తో వదిలిపెట్టరు.